మా మిల్లులో రోజు ఆరింటికి మొదలవుతుంది

ఈ సెమిస్టర్‌లో క్లౌడ్ కంప్యూటింగ్ ఎలక్టివ్ తీసుకున్నవాళ్లకి తెలిసే ఉంటుంది, మైగ్రేషన్ అని ఒక చాప్టర్ ఉంది. ఒక కంపెనీ తన సొంత సర్వర్ మీద నడుపుకుంటున్న సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌కి ఎలా తీసుకెళ్లాలి అనేది విషయం. ఉన్నదున్నట్టు ఎత్తి అక్కడ పెట్టడం ఒక పద్ధతి, కాస్త మార్చి పెట్టడం ఒకటి, మొత్తం మళ్లీ రాయడం ఒకటి, పాతది పక్కనపడేసి కొత్తది కొనుక్కోవడం ఇంకొకటి. అన్నిటి పేర్లూ ఇంగ్లిష్‌లో ఆర్ అక్షరంతోనే మొదలవుతాయి కాబట్టి బట్టీ పట్టడం తేలిక. మిడ్స్‌లో ఐదు మార్కులు గ్యారంటీ. నోట్స్‌లో బొమ్మ కూడా ఉంది: ఎడమవైపు ఒక డబ్బా, కుడివైపు ఒక మబ్బు, మధ్యలో ఒక బాణం గుర్తు.

మొన్న వేసవి సెలవుల్లో ఆరు వారాలు నేను ఆ బాణం గుర్తు లోపల ఉన్నాను. దాని గురించే ఇది. (నాకు తెలుగు పదో తరగతి దాకా సెకండ్ లాంగ్వేజ్ మాత్రమే. ఒత్తులు ఎక్కడైనా జారితే ఎడిటర్ అక్క చూసుకుంటానంది.)

మా నాన్న గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో ఈడీపీ ఇన్‌ఛార్జి. ఈడీపీ అంటే ఏంటని మా రూమ్మేట్ అడిగింది. ఎలక్ట్రానిక్ డేటా ప్రాసెసింగ్. ఐటీ డిపార్ట్‌మెంట్ అనే మాట పుట్టకముందు ఉన్న పేరు, పాత మిల్లుల్లో ఇంకా తలుపు మీద అదే ఉంటుంది. నాన్న చదివింది బీకామ్, ఆ తర్వాత పీజీడీసీఏ. 2004లో చేరారు. పత్తి బేళ్లు లోపలికి వచ్చిన దగ్గర్నుంచి నూలు కోన్లు లారీ ఎక్కేదాకా, మధ్యలో కూలీల జీతాలు, స్టోర్స్, కరెంటు లెక్కలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. కోయంబత్తూరులో ఒకాయన విజువల్ బేసిక్‌లో రాసిచ్చారట. ఆయన ఎప్పుడో కంపెనీ మూసేశారు. సోర్స్ కోడ్ ఉన్న సీడీ మాత్రం నాన్న దగ్గర ఉంది. అప్పట్నుంచి ఏ మార్పు కావాలన్నా నాన్నే చేస్తారు. చేసిన ప్రతి మార్పునీ తేదీ వేసి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తారు. అలాంటివి నాలుగు నోట్‌బుక్స్ ఉన్నాయి.

సర్వర్ ఈడీపీ రూమ్‌లోనే, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది. దాని మీద ఉన్నది విండోస్ సర్వర్ 2008 ఆర్2. మైక్రోసాఫ్ట్ దానికి సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇవ్వడం 2020 జనవరిలోనే ఆపేసింది. అంటే ఐదేళ్లుగా దానికి కొత్త తాళాలు రావట్లేదు, దొంగలకి మాత్రం కొత్త తాళంచెవులు వస్తున్నాయి. నాన్న ఏటా కొత్త సర్వర్ కోసం కొటేషన్ పెట్టేవారు. ఏటా ఎండీ గారు వచ్చే ఏడాది చూద్దామనేవారు. వాటిని కదిలించింది కొటేషన్ కాదు, బుడమేరు. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడ మునిగినప్పుడు, సింగ్‌నగర్ వైపు ఎండీ గారి బావమరిది ఆఫీసు కూడా మునిగింది. గోడౌన్‌లో సరుకు పోయిందని ఆయన అంతగా బాధపడలేదట. ఎవరు ఎంత బాకీ ఉన్నారో రాసున్న కంప్యూటర్ నీళ్లలో ఉండిపోయింది, అదీ బాధ. ఆ దసరాకే ఎండీ గారు నిర్ణయం తీసేసుకున్నారు: మనం క్లౌడ్‌కి వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెన్సీని మాట్లాడారు.

మనకి క్లాసులో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ నెట్‌ఫ్లిక్స్. 2008 ఆగస్టులో వాళ్ల డేటాబేస్ పాడై మూడు రోజులు కస్టమర్లకి డీవీడీలు పంపలేకపోయారు. అప్పుడు క్లౌడ్‌కి వెళ్లాలని నిర్ణయించుకుంటే, పని పూర్తయ్యేసరికి 2016 జనవరి. ఏడేళ్లకి పైమాటే. మా మిల్లుకి ఇచ్చిన టైమ్ ఆరు వారాలు. చిన్నది కదా అన్నారు ఎండీ గారు. సైజులో చిన్నదే.

కన్సల్టెన్సీ నుంచి వచ్చినాయన వయసు ముప్పై లోపే. పనిమంతుడు, ఇది వెటకారంగా అనట్లేదు. మొదటి వారంలోనే డేటాబేస్ కాపీని ముంబైలోని క్లౌడ్ సర్వర్ మీదకి తీసుకెళ్లాడు. టేబుల్స్ అన్నీ వచ్చాయి, వరుసల సంఖ్య సరిపోయింది. మిల్లులో కంప్యూటర్ల నుంచి దానికి కనెక్ట్ చేసి స్టోర్స్ వాళ్లని స్టాక్ రిపోర్ట్ తీయమన్నాడు. రెండు సెకన్లలో వచ్చే రిపోర్ట్ రెండు నిమిషాలు పట్టింది.

ఇది మన సిలబస్‌లో ఉన్న విషయమే, కానీ లెక్క వేసి చూస్తే తప్ప ఒంటికి పట్టదు. ఆ పాత సాఫ్ట్‌వేర్ ఒక రిపోర్ట్ కోసం డేటాబేస్‌ని ఒకేసారి అడగదు. ఒక్కో బోల్టుకీ ఒక్కో బేరింగుకీ విడివిడిగా అడుగుతుంది, దాదాపు నాలుగు వేల చిన్న ప్రశ్నలు. సర్వర్ పక్క గదిలో ఉన్నప్పుడు ఒక్కో ప్రశ్న వెళ్లి రావడానికి అర మిల్లీసెకను, మొత్తం రెండు సెకన్లు. ముంబై వెళ్లి రావడానికి ముప్పై మిల్లీసెకన్లు పడితే మొత్తం నూట ఇరవై సెకన్లు. ఇంటర్నెట్ స్పీడ్ పెంచినా లాభం లేదు, ఎందుకంటే సమస్య పైపు వెడల్పుది కాదు, దూరానిది. చిన్నప్పుడు అమ్మ నన్ను కొట్టుకి ఒకసారి ఉప్పుకి, తిరిగొచ్చాక చింతపండుకి, మళ్లీ పోపు గింజలకి పంపేది. కొట్టు పక్క సందులో ఉన్నంతకాలం అది నడుస్తుంది.

దానికి కన్సల్టెంట్ చేసిన పని తెలివైనది. డేటాబేస్‌తో పాటు ఆ విజువల్ బేసిక్ ప్రోగ్రామ్‌ని కూడా క్లౌడ్‌లో దాని పక్కనే ఇంకో సర్వర్ మీద పెట్టాడు. మిల్లులోవాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌తో దాంట్లోకి వెళ్తారు. ప్రశ్నలన్నీ అక్కడికక్కడే తిరుగుతాయి, ఇక్కడికి వచ్చేది స్క్రీన్ బొమ్మ మాత్రమే. రిపోర్ట్ మళ్లీ రెండు సెకన్లకి వచ్చింది. స్టోర్స్ వాళ్లకి తేడా కూడా తెలియలేదు.

క్లౌడ్‌కి వెళ్లనివి కొన్ని ఉంటాయి. లారీ కాటా వెళ్లదు. కాటా నుంచి గేటు కంప్యూటర్‌కి ఒక సీరియల్ కేబుల్ వస్తుంది, బరువు అందులోంచి దిగుతుంది. డాట్ మాట్రిక్స్ ప్రింటర్ వెళ్లదు, గేట్ పాస్ మూడు కార్బన్ కాపీల్లో కావాలి మరి. వాటికోసం గేటు దగ్గర ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంచేశారు. నెట్ పోతే? ఫైబర్ లైన్ ఒకటి, అది పోతే 4జీ ఒకటి. రెండూ పోతే ఏంటని నాన్న అడిగారు. రెండూ ఒకేసారి పోవు అన్నాడు కన్సల్టెంట్. నాన్న ఏమీ అనకుండా వెళ్లి గేటు వాచ్‌మన్‌కి ఒక రిజిస్టర్, రెండు పెన్నులు ఇచ్చి వచ్చారు. పత్తి సీజన్‌లో లారీలు రోడ్డు దాకా నిలబడతాయి, అప్పుడు వాటికి నెట్ లేదని చెప్పి లాభం ఉండదు.

ఇప్పుడు అసలు కథ.

జూన్ మొదటి వారం నుంచి రెండు వారాలు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడపాలని ప్లాన్. క్లర్కులు ప్రతి ఎంట్రీ రెండుసార్లు కొట్టాలి. వాళ్లు తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను, ఈ మ్యాగజైన్ మా హెచ్‌ఓడీ కూడా చదువుతారు. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి కన్సల్టెంట్ నిన్నటి ప్రొడక్షన్ రిపోర్ట్ రెండు చోట్లా తీసి పోల్చేవాడు. కొన్ని కిలోల తేడా వచ్చేది. రెండుసార్లు కొట్టడంలో తప్పులు దొర్లుతున్నాయిలే అనుకున్నారు అందరూ.

నాన్న రిపోర్ట్ చూసేది పన్నెండున్నరకి కాదు, పొద్దున ఆరున్నరకి. ఇరవై ఏళ్ల అలవాటు, మిల్లులో అడుగుపెట్టగానే మొదటి పని అదే. రెండో రోజు పొద్దున కొత్త సిస్టమ్‌లో నిన్నటి ఏ షిఫ్ట్ ప్రొడక్షన్ మామూలుగా వచ్చేదాంట్లో మూడో వంతే ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మధ్యాహ్నం మళ్లీ అదే రిపోర్ట్ తీశారు. సరిపోయింది. మూడో రోజూ అంతే. అప్పుడు నన్ను పిలిచి రెండు కాగితాలు చేతిలో పెట్టారు.

"చూడమ్మా. నిన్న తీసిన నూలు ఇవాళ పొద్దున్నుంచి పెరుగుతోంది. నిన్నటిది ఎలా పెరుగుతుంది?"

మా మిల్లులో రోజు రాత్రి పన్నెండింటికి మారదు. పొద్దున ఆరింటికి మారుతుంది. ఏ షిఫ్ట్ ఆరు నుంచి రెండు, బి షిఫ్ట్ రెండు నుంచి పది, సి షిఫ్ట్ రాత్రి పది నుంచి మర్నాడు ఆరు. మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి తీసిన నూలు సోమవారం లెక్కలోదే. అందుకే ఎంట్రీ కొట్టినప్పుడు షిఫ్ట్ ఏదో క్లర్క్ ఎంచుకుంటాడు, తేదీని మాత్రం సాఫ్ట్‌వేర్ వేస్తుంది: సర్వర్ గడియారంలో టైమ్ చూసి, అందులోంచి ఆరు గంటలు తీసేసి, ఆ తేదీ. చాలా క్లౌడ్ డేటాబేస్ సర్వీసుల్లో గడియారం డిఫాల్ట్‌గా యూటీసీలో నడుస్తుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఆరు గంటలకి ఆ ఐదున్నర తోడైంది. అంటే కొత్త సిస్టమ్‌లో మా మిల్లు రోజు పొద్దున ఆరింటికి కాదు, పదకొండున్నరకి మారుతోంది! ఆరు నుంచి పదకొండున్నర దాకా ఏ షిఫ్ట్ వాళ్లు తీసిన నూలంతా నిన్నటి ఖాతాలో పడుతోంది. పన్నెండున్నరకి చూసేసరికి నిన్నటి షిఫ్ట్‌లో పోయిన ఐదున్నర గంటల చోట ఇవాళ్టి ఐదున్నర గంటలు వచ్చి కూర్చుంటున్నాయి. మొత్తం దాదాపు సరిపోతోంది.

ప్రోగ్రామ్ ఉన్న సర్వర్‌కి మాత్రం కన్సల్టెంట్ ఇండియా టైమే పెట్టాడు. కాబట్టి స్క్రీన్ మూల గడియారం కరెక్ట్‌గానే కనిపిస్తుంది. డేటాబేస్ గడియారం ఎవరికీ కనిపించదు.

అయితే ఏమైంది, నెలాఖరుకి మొత్తం సరిపోతుంది కదా అంటారేమో. మిల్లులో జీతం కాక ప్రొడక్షన్ ఇన్సెంటివ్ ఉంటుంది, అది తేదీ, షిఫ్ట్ బట్టి లెక్క కడతారు. షిఫ్టులు వారానికోసారి మారతాయి. మారిన రోజున ఒక బ్యాచ్ ఐదున్నర గంటలు పడిన కష్టం ఇంకో బ్యాచ్ ఖాతాలోకి పోతుంది. వారానికోసారి, సంవత్సరమంతా. ఎవరైనా వచ్చి మాకు తక్కువొచ్చింది సార్ అని అడిగితే, కంప్యూటర్‌లో ఇంతే ఉందయ్యా అని చెప్తారు. ఇంకేం చెప్తారు?

నాన్న రెండో నోట్‌బుక్ తెచ్చి 2009లో ఒక పేజీ తీశారు. మిల్లు రోజుకి ఆరు గంటలు తీసేసే లైన్ రాసింది తనే, ఎందుకు రాశారో కూడా పక్కనే తెలుగులో రాసుకున్నారు. కన్సల్టెంట్ ఆ పేజీని ఫోటో తీసుకున్నాడు. అప్పటిదాకా నాన్నని సార్ అనేవాడు, ఆ సాయంత్రం నుంచి అంకుల్ అన్నాడు. ఇద్దరూ కూర్చుని, డేటాబేస్ గడియారాన్ని అడిగిన ప్రతి చోటా టైమ్‌ని ఇండియా టైమ్‌లోకి మార్చే మాట చేర్చారు. రెండు వందలకి పైగా చోట్లు. నేను వెతికి లిస్ట్ రాశాను, వాళ్లు మార్చారు. రెండు రాత్రులు పట్టింది.

రెండో గొడవ జీతం చీటీలది, ఇది మన క్లబ్‌వాళ్లకి నచ్చుతుంది.

మిల్లులో కూలీల పేర్లు తెలుగులో ఉంటాయి. చీటీ తెలుగులోనే ప్రింట్ అవ్వాలని అప్పట్లో పట్టుబట్టింది కూడా నాన్నే. కానీ అవి యూనికోడ్ కాదు, అనూ ఫాంట్స్‌లో ఎక్కించినవి. అంటే కంప్యూటర్ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కానే కావు, ఇంగ్లిష్ అక్షరాలు, ఏవో గుర్తులు. పైన అనూ ఫాంట్ అనే ముసుగు వేస్తే తెలుగులా కనిపిస్తాయి. కొత్త సర్వర్‌లో ఆ ఫాంట్ లేదు. ముసుగు తీసేసరికి ఆరు వందల నలభై మంది పేర్లు కుప్పగా పోసిన పిచ్చి గీతలయ్యాయి. ఇంగ్లిష్‌లో ప్రింట్ చేసేద్దాం, మీకూ తేలిక అన్నారు ఆఫీసులో. నాన్న ఒప్పుకోలేదు. చీటీలో అంకెలు తప్పుపడితే అడగడానికి ముందు, ఆ చీటీ తనదేనని చదువుకోగలగాలి కదా అన్నారు.

ఆ పని నాకిచ్చారు. పైథాన్‌లో రాశాను. ఏ గుర్తు ఏ అక్షరమో టేబుల్ తయారుచేస్తే చాలు అన్నట్టు కనిపిస్తుంది గానీ, చాలదు. వెంకటేశ్వర్లు అనే పేరు తీసుకోండి, మా మిల్లులో పదకొండు మంది ఉన్నారు. చివరి 'ర్లు' కంటికి ఎలా కనిపిస్తుంది? రకి కొమ్ము, కింద ల ఒత్తు. పాత ఫాంట్‌లో అదే వరుసలో ఉంటుంది, ముందు రు, తర్వాత ల ఒత్తు. యూనికోడ్‌లో మనం పలికే వరుస: ర, పొల్లు, ల, చివర్న కొమ్ము. కొమ్ము ర దగ్గర కనిపిస్తుంది కానీ లకి చెందుతుంది. అంటే నా ప్రోగ్రామ్ ప్రతి ఒత్తు దగ్గరా ఆగి, ముందున్న గుణింతం గుర్తుని తీసి ఒత్తు తర్వాత పెట్టాలి. పన్నెండేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివి, తెలుగు అక్షరం ఎలా కట్టి ఉంటుందో నేను నేర్చుకున్నది జీతం చీటీల దగ్గర. ఆరు వందల దాకా ప్రోగ్రామ్ మార్చింది. మిగిలినవి నాన్న చదువుతుంటే నేను టైప్ చేశాను. కొన్ని పేర్ల దగ్గర ఆగి, ఈయన రిటైరైపోయాడు, ఈయన కొడుకు కూడా మన దగ్గరే చేస్తున్నాడు అని చెప్పేవారు.

ఇక బ్యాకప్. ఇన్నేళ్లూ మా మిల్లు బ్యాకప్ మా ఇంటి బీరువాలో ఉండేది. రోజూ రాత్రి నాన్న ఒక హార్డ్ డిస్క్ మీదకి కాపీ తీసుకుని, క్యారేజీ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేవారు. రెండు డిస్కులు, ఒకటి మిల్లులో, ఒకటి ఇంట్లో, రోజు విడిచి రోజు మారతాయి. పుస్తకాల్లో ఆఫ్‌సైట్ బ్యాకప్ అంటారు దాన్ని. కొత్త పద్ధతిలో అదంతా ఆటోమేటిక్ అని చెప్పగానే నాన్న అడిగింది, ఆ ముంబై బిల్డింగ్ తగలబడితే ఏంటని. అక్కడున్నవాళ్లు నవ్వారు. నేను ఫోన్‌లో వెతికి చూపించాను: 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ బిల్డింగ్ ఒకటి కాలిపోయింది. వేరే చోట కాపీ పెట్టుకోని కస్టమర్ల డేటా శాశ్వతంగా పోయింది. మబ్బు అని పేరు పెట్టాం గానీ, అది కూడా ఎక్కడో ఒక గదే. ఇప్పుడు మన దేశంలోనే రెండు చోట్ల పెట్టుకునే వీలుంది, అమెజాన్‌దే చూస్తే ముంబై 2016లో వచ్చింది, హైదరాబాద్ 2022 నవంబర్‌లో. రెండో చోట కాపీకి నెలకి అయ్యే ఖర్చు ఎండీ గారు విన్నారు, మాట్లాడకుండా సరేనన్నారు. బుడమేరు ఇంకా గుర్తుంది.

జూన్ మూడో ఆదివారం పాత సర్వర్ ఆపేశారు. ఏమీ జరగలేదు. సోమవారం పొద్దున ఆరింటికి రోజు మారింది, ఆరున్నరకి రిపోర్ట్ వచ్చింది, సరిపోయింది. మైగ్రేషన్ బాగా జరిగిందంటే చూడ్డానికి ఏమీ ఉండదు.

ఈడీపీ రూమ్‌లో ఏసీ తీసి క్వాలిటీ ల్యాబ్‌లో పెట్టారు. నాన్న టేబుల్ అకౌంట్స్ సెక్షన్‌లోకి మారింది. తలుపు మీద బోర్డు ఇంకా ఉంది. సర్వర్ లేనప్పుడు సర్వర్ చూసుకునే మనిషి ఎందుకనే ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు గానీ, ఎండీ గారు పిలిచి, ఆరు నెలలు చూద్దాం, తర్వాత స్టోర్స్ చూసుకుందురు గానీ అన్నారట. ఆయన చెడ్డవారు కాదు. కన్సల్టెన్సీకి నెలనెలా సపోర్ట్ డబ్బులు కట్టాలి, క్లౌడ్ బిల్ కట్టాలి, జీతమూ ఇవ్వాలి. కాగితం మీద మూడూ ఒకే పనికి ఇస్తున్నట్టు కనిపిస్తాయి. గడియారం సంగతి ఆ కాగితంలో ఏ వరుసలో రాయాలో నాకు తెలియట్లేదు. క్లౌడ్‌వాళ్ల బిల్‌లో గంటల లెక్కన, జీబీల లెక్కన ప్రతిదానికీ ఒక వరుస ఉంటుంది. నోట్‌బుక్స్‌కి ఉండదు.

ఆ బిల్లు ఇప్పుడు నాన్నే చదువుతున్నారు. ఆగస్టు బిల్లులో టెస్టింగ్ కోసం పెట్టిన సర్వర్ ఒకటి ఇంకా నడుస్తోందని పట్టుకుని ఆపించారు. ప్రతి ఆదివారం బ్యాకప్ కాపీని వేరే చోట తెరిచి, నిజంగా తెరుచుకుంటోందో లేదో చూస్తున్నారు. అది చేయమని ఎవరూ చెప్పలేదు. అయిదో నోట్‌బుక్ మొదలైంది.

ఆరు నెలలు డిసెంబర్‌తో అయిపోతాయి. ఈలోపు క్లౌడ్ సర్టిఫికేషన్ పరీక్ష రాద్దామని యాభై రెండేళ్ల వయసులో చదువుతున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకి హాస్టల్‌కి ఫోన్ వస్తుంది, రీజియన్‌కీ జోన్‌కీ తేడా ఏంటి, పర్మిషన్స్‌లో రోల్ అంటే ఏంటి. నేను నోట్స్ చూసి చెప్తాను, ఆయన వెంటనే మిల్లు నుంచి ఒక ఉదాహరణ తీసి ఇదేనా అంటారు. రోల్ అంటే గేట్ పాస్ పుస్తకమట, అది ఎవరి చేతిలో ఉంటే ఆ షిఫ్ట్‌కి సంతకం పెట్టే అధికారం వాళ్లది. మిడ్స్‌లో నేను అదే రాశాను, ఇంగ్లిష్‌లో.

నిన్న ప్రాక్టీస్ టెస్ట్‌లో వెయ్యికి 610 వచ్చింది. పాసవ్వాలంటే 700 కావాలి. మళ్లీ ఆదివారం రాస్తున్నారు, బ్యాకప్ చూసుకున్నాక.